ఆమె పిలిస్తే వచ్చాయి

పోయిన నెల కరీంనగర్‌లో కంటి ఆసుపత్రి వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. నేను మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో నా కింద జవానుగా పనిచేసిన మనిషి. ఊడ్చేవాళ్ళ హాజరు చూసే ఉద్యోగిని మా దగ్గర జవాను అంటారు. తన మోకాళ్ళ సంగతి, నా కళ్ళ సంగతి అన్నీ అయ్యాక, ఇక ఫోన్ పెట్టేస్తాడనగా, "ఇంకో ముచ్చట సార్. గా పందులవ్వ సచ్చిపోయింది. యాదికున్నదా మీకు?" అన్నాడు.

"ఆఁ... కొద్దిగా" అన్నాను.

పన్నెండేళ్ళుగా ఆమె గుర్తుకు రాని వారం లేదు. అయినా నోటికి మొదట వచ్చింది అబద్ధమే. ఆమె విషయంలో నా నోటికి ఎప్పుడూ మొదట వచ్చింది అదే.

ఆ పట్టణం పేరు రాయను. శ్రీరాంపూర్ గనుల నుంచి బస్సులో ఎంతో దూరం లేదు. ఒక పక్క కంపెనీ క్వార్టర్లు, వాటి వెనక మురుగు పారే పెద్ద మోరీ, మోరీ అవతల ఎరుకల కుటుంబాల వాడ. ఐదు ఇళ్ళు. ఈత బరిగెలతో బుట్టలు అల్లేవాళ్ళు, పందులు మేపేవాళ్ళు. నేను అక్కడికి బదిలీ మీద వెళ్ళినప్పుడు నాకు నలభై ఏడు. ఆమె నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద.

మొదటిసారి ఆ వాడకు వెళ్ళినప్పుడు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాను. ఆమె వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతోంది. తలెత్తి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "ముక్కు మూసుకున్నవు, మంచిదే. కండ్లు మాత్రం తెరిసి పెట్టుకో సారూ. ముందల మోరీ ఉన్నది" అంది. వాడంతా నవ్వింది. నిజంగానే ఇంకో అడుగు వేస్తే మోరీలో పడేవాణ్ణి. ఆమె నన్ను కాపాడిందన్న సంగతి వదిలేసి, నవ్వులపాలు చేసిందన్న సంగతే మనసులో పెట్టుకున్నాను.

ఆమె పుట్టిల్లు భైంసా దిక్కు. మాటలో అక్కడక్కడా మరాఠీ తగిలేది. నన్ను చూడగానే "చాంగ్లా ఉన్నవా సారూ?" అనేది, బాగున్నావా అని. నవ్వితే కుడిచేయి నోటికి అడ్డం పెట్టుకునేది. ముందు పన్ను ఒకటి లేదు, అందుకని. కోపం వస్తే మాత్రం ఆ చేయి అడ్డం వచ్చేది కాదు. ఒకసారి మార్కెట్ దగ్గర ఎవరో ఆమె పందిని రాయి పెట్టి కొట్టి, చెత్తలో ఏం తింటుందో చూడమని వెక్కిరించారు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "పంది తిన్నది అందరికి కనవడ్తది పటేలా. మనిషి తిన్నదే కనవడది" అంది. మా ఆఫీసులో ఆ మాట వారం రోజులు తిరిగింది. ఎవరికి వారు అది పక్కవాణ్ణి అన్నట్టుగానే చెప్పుకున్నాం.

ఆమె పందులకు పేర్లు ఉండేవి కావు. వరుసలు ఉండేవి. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆమెకు తండ్రి ఒక ఆడపిల్లను ఇచ్చి పంపాడట, పంది పిల్లను. ఆ మందంతా దాని సంతతే. "గది అత్త. గా రెండు కోడండ్లు. ఇద్దరికి పడది. కుడితి కాడ రోజూ లొల్లే. మనుషుల తీర్గనే" అని నాకు పరిచయం చేసింది. అన్నిటికీ కుడిచెవి కొసన రెండు కోతలు. పక్కింటివాళ్ళ గుర్తు వేరు. గుర్తుతో ఆమెకు పనిపడటం మాత్రం నేను చూడలేదు. పొద్దు వాలుతుంటే మోరీ గట్టు మీద నిలబడి, రేకు డబ్బా మీద బరిగెతో రెండు దెబ్బలు కొట్టి, గొంతు లోపలి నుంచి ఒక పిలుపు పిలిచేది. మొదట గరగరమని, చివర సన్నగా సాగేది. ఊరు నలుమూలల నుంచీ, మట్టిగుట్టల వెనక నుంచీ, మార్కెట్ కింది నుంచీ ఆమె పందులు పరుగెత్తుకొచ్చేవి. ఇంకొకరివి తలెత్తి చూసి మళ్ళీ వాటి పనిలో పడేవి. ఐదు ఇళ్ళకు ఐదు పిలుపులు. ఒకరి పిలుపుకు మరొకరి పంది కదలదు.

నెలకు రెండుసార్లు తనిఖీకి వెళ్ళేవాణ్ణి. నన్ను చూడగానే లేచి, ప్లాస్టిక్ స్టూలును కొంగుతో తుడిచి నీడలో వేసేది. నేను కూర్చునేవాణ్ణి కాదు. నిలబడే రాసుకునేవాణ్ణి. మూడోసారో నాలుగోసారో, గాజు గ్లాసులో చాయ తెప్పించి స్టూలు మీద పెట్టించి, "హోటల్ చాయ సారూ. హోటలాయనే పట్టుకచ్చి పెట్టిండు. నా చెయ్యి తగల్లే" అంది. ఆ మాట నవ్వుతూనే అంది, చేయి అడ్డం పెట్టుకుని. డ్యూటీలో చాయ తాగనని చెప్పాను. పావుగంట తరువాత అదే హోటల్లో కూర్చుని తాగాను. అక్కడి నుంచి ఆమె వాకిలి కనిపిస్తుంది. గ్లాసు స్టూలు మీద అట్లాగే ఉంది. కాసేపటికి ఆమె వచ్చి, గ్లాసు చేతిలోకి తీసుకుని, హోటల్ వైపు చూసి, నిలబడే తాగేసింది.

మా శిక్షణ రోజుల్లో ఒక ముసలి డాక్టరు పాఠం చెబుతూ, సముద్రం మధ్య దీవుల్లో తెల్ల అధికారులు ఇళ్ళు వరుసలో కట్టాలని, పందులకు దడి కట్టాలని, లేకపోతే శిక్ష అని ఆజ్ఞలు వేసేవాళ్ళని చెప్పారు. అక్కడి జనం జబ్బు కంటే ఎక్కువగా తనిఖీకి భయపడేవాళ్ళట. "మీరు అట్లా కావద్దు" అన్నారు ఆయన. ఆ మాట నేను రాసుకోలేదు. మున్సిపల్ చట్టంలో పందుల గురించి ఉన్న సెక్షన్ కింద మాత్రం ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను. ఊళ్ళో తిరిగే పందిని పట్టుకోవచ్చు, తరలించవచ్చు. వాటి మీద బతికేవాళ్ళ గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ లోటు అప్పట్లో నాకు కనిపించలేదు.

పెద్ద మోరీ పూడిక తీయించడం నా పని. ఎండాకాలం వెళ్ళేలోపు తీయించి రిజిస్టరులో సంతకం చేయాలి. ఆ యేడు తీయించలేదు. సంతకం మాత్రం చేశాను. యంత్రం చెడిపోయి ఉంది, వానలు వస్తే అదే కొట్టుకుపోతుందిలే అనుకున్నాను. ఆమె రెండుసార్లు చెప్పింది. "మోరీ నిండింది సారూ. నీళ్ళు కదుల్తలేవు. దోమలు పందులను సుత నిద్ర పోనిస్తలేవు" అని. చూద్దాంలే అన్నాను.

శ్రావణంలో క్వార్టర్లలో జ్వరాలు మొదలయ్యాయి. ఒక పసిపాప చనిపోయింది. మెదడువాపు అన్నారు కొందరు, కాదన్నారు కొందరు. మెదడువాపు అన్న మాట వినబడగానే అందరి వేలూ పందుల మీదికి పోయింది. పంది ఒక్కటే చాలదని, దోమ కూడా కావాలని, దోమకు నిలవ నీళ్ళు కావాలని చదువుకున్నవాణ్ణి ఆ ఆఫీసులో నేనే. జనం వచ్చి గేటు ముందు కూర్చున్నారు. కమిషనర్ నా ముఖం చూశారు. "పందులు సార్" అన్నాను. మోరీ మాట ఎత్తలేదు.

శనివారం లోపు ఊళ్ళో పంది కనిపించకూడదని ఆజ్ఞ వచ్చింది. బయటి నుంచి పట్టేవాళ్ళు వచ్చారు, వలలతో, ఇనుప తీగల ఉచ్చులతో. మూడు రోజులు ఊరంతా పరుగెత్తారు. పందులు మట్టిగుట్టల వెనక తుప్పల్లోకి దూరిపోయాయి. పట్టుకున్నవి పదికి లోపే. క్వార్టర్లవాళ్ళు మేడల మీద నిలబడి మమ్మల్ని చూసి ఈలలు వేశారు.

శనివారం పొద్దున నేను ఒక్కణ్ణే ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె స్టూలు తుడవకముందే దాని మీద కూర్చున్నాను. "అవ్వా, జర చాయ పొయ్యి" అన్నాను. ఆ వాడలో ఒక మనిషిని వరుస పెట్టి పిలవడం నాకు అదే మొదలు.

"ఏందుల్లా, ఇయ్యాల పొద్దు పడమట పొడిసిందా?" అంది. అని, లోపలికి పోయి పొయ్యి మీద గిన్నె పెట్టింది. తెచ్చిన చాయను రెండు గుక్కల్లో తాగాను. ఆమె నన్నే చూస్తూ నిలబడింది.

"మీకు జాగ ఇస్తున్నరు అవ్వా. డంపుయార్డు అవతల. దడి కట్టిస్తరు, నీళ్ళ ట్యాంకి పెడ్తరు. పందులన్నిటిని అక్కడికి తోలుడే."

"నా ఒక్కదానికా?"

"ఐదిండ్లకు."

"కాయితం ఉన్నదా?"

నా జేబులో ఒక కాగితం ఉంది. ఆ స్థలం ఇప్పించమని అడుగుతూ నేనే రాసిన వినతి. దాని మీద అందినట్టు ఆఫీసు ముద్ర. ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఇస్తారన్న నమ్మకం నాకూ లేదు. ఆమెకు చదువు రాదని తెలుసు. తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ముద్ర మీద బొటనవేలితో రుద్ది చూసింది. చెరగలేదు.

"పక్కానా సారూ?"

"పక్కా. ఫికర్ జెయ్యకు."

"ఒకటే మాట. చిన్న కోడలు సూడితోని ఉన్నది. దాన్ని బండి ఎక్కియ్యకుండ్రి. నేనే మెల్లగ నడిపిచ్చుకొని తోల్కస్త."

"నీ ఇష్టం అవ్వా."

ఆమె ఆ కాగితం పట్టుకుని మిగిలిన ఇళ్ళకు పోయింది. చివరి ఇంటి పెద్దమనిషి ఒప్పుకోలేదు. మోరీ గట్టు మీద నిలబడి ఉన్న నాకు వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"మున్సిపాల్టోళ్ళ మాట నమ్మి పందులను పిలుస్తవా? పిచ్చి లేసిందా నీకు?"

"నేను కాయితం జూసిన. ముద్ర ఉన్నది."

"ముద్రలు మస్తు జూసినం."

"నువ్వు జూడంది ఇంకోటి ఉన్నది. సారు నా ఇంట్ల కూసున్నడు. నేను కాసిన చాయ తాగిండు. మోసం జేసేటోడైతె మన ఇంట్ల చాయ తాగుతడా?"

ఆయన "మాట నీదేనా?" అన్నాడు.

"నాదే."

పాత సంత జరిగే జాగకు నాలుగు పక్కలా గోడ ఉంది, ఒకటే గేటు. మధ్యాహ్నం ఐదు ఇళ్ళవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. ముందు ఆమె పిలిచింది. రేకు డబ్బా మీద రెండు దెబ్బలు, ఆ పిలుపు. మూడు రోజులు మనుషులకు చిక్కనివి వరుసగా గేటులోకి వచ్చి ఆమె కాళ్ళ చుట్టూ నిలబడ్డాయి. ఆమె వెనక మిగిలినవాళ్ళూ పిలిచారు. చిన్న కోడలు మాత్రం రాలేదు. పట్టేవాళ్ళ మేస్త్రి నా చెవిలో, ఇంకొకటి తక్కువుందట అన్నాడు. వాళ్ళ తీగలు లారీలో ఉన్నాయని నాకు తెలుసు.

"ఇంకోసారి పిలువు అవ్వా" అన్నాను.

పిలిచింది. అది కడుపు ఈడ్చుకుంటూ వచ్చింది. గేటు వేశారు.

తీగలు బయటికి తీసినప్పుడు ఆమె అరవలేదు. నా దగ్గరికి వచ్చి, "సారూ, గా తీగలెందుకు?" అంది.

"లారీ ఎక్కియ్యడానికి."

"డంపుయార్డు ఎంత దూరమని? నడుస్తయి గదా?"

నేను ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకు వెళ్ళాను. ఫోన్ రాలేదు. లారీ డంపుయార్డు దారి దాటి, వంతెన దాటి పోయింది. చిన్న కోడలు కూడా అందులోనే ఉంది.

ఆ తరువాత ఇరవై రోజులదాకా ఆమె రోజూ ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చుంది, ఆ కాగితం మడిచి బొడ్లో పెట్టుకుని. ఎవరు వచ్చినా "జాగ సారు ఉన్నడా?" అని అడిగేది. నేను వెనక గేటు నుంచి రాకపోకలు చేశాను. ఈలోపు ఎవరో పై అధికారి వచ్చి చూసి తిడితే పెద్ద మోరీ పూడిక తీయించాం. జ్వరాలు తగ్గాయి. పందులు పోయినందుకు తగ్గాయని ఊరంతా అనుకుంది. నేను కాదనలేదు. జనవరిలో జెండా పండుగనాడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంట్లో గోడకు పెట్టుకున్నాను కూడా. రెండేళ్ళ తరువాత ఇల్లు మారేటప్పుడు దించినదాన్ని మళ్ళీ తగిలించలేదు. అదే నా పశ్చాత్తాపం అనుకుని సరిపెట్టుకున్నాను.

బదిలీ అయ్యాక ఒక్కసారే ఆమెను చూశాను, చొప్పదండి అంగట్లో. బుట్టలు అమ్మేవాళ్ళంతా "దా అక్కా, దా చెల్లే" అని కేకలు పెడుతున్నారు. ఆమె తన బుట్టల వెనక నోరు మెదపకుండా కూర్చుని ఉంది. ఎవరైనా వచ్చి నిలబడితే తలెత్తేది, లేకపోతే లేదు. బేరం సాగుతున్నట్టు లేదు. నేను వచ్చిన దారినే వెనక్కి మళ్ళాను.

జవాను ఫోన్ చేసిన మూడో రోజు బస్సెక్కాను. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె బిడ్డ ఉంటోంది. మున్సిపాలిటీలోనే ఊడ్చే పని. నా పేరు చెప్పబోతే, "ఎరుకే సార్. దస్తీ సారు గదా" అంది. కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడాను. అవ్వ ఎట్లా పోయిందని అడిగాను.

"జరం వచ్చింది, పోయింది. గది కాదు సార్ ముచ్చట. పాడె మోసెతందుకు వాడల ఒక్కలు రాలే. మా ఆయన, ఇద్దరు మరుదులు, నాతోని ఊడ్సేటాయన ఒకాయన. గంతే."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఐదిండ్ల పందులు ఈమె మాట మీదనే పోయినయి. మున్సిపాల్టోళ్ళతోని కలిసి పిలిపిచ్చిందన్నరు. నడుమ ఏదో తిన్నదన్నరు. పన్నెండేండ్లు పెండ్లికి పిలువలే, సావుకు పిలువలే. అవ్వ ఎవలకూ ఎదురు జెప్పలే. 'నా గొంతు ఇని వచ్చినయి బిడ్డా' అనేది. గంతే అనేది. మల్ల పందులను సాదలే. మనుషులను సుత గొంతెత్తి పిలువలే. నేను గల్లీ కొసకు ఉంటె, నడిసొచ్చి భుజం మీద చెయ్యి ఏసేది."

నేను చెప్పాలనుకుని వచ్చింది చెప్పాను. కాగితంలో జాగ లేదని, అది నాకు ముందే తెలుసని. ఆమె చీపురు గోడకు ఆనించి విన్నది.

"నాతోని జెప్తె ఏం లాభం సార్? అవ్వ అబద్ధమాడలేదని నాకు ఎరుకే. ఎరుక లేనోళ్ళకు జెప్పుండ్రి."

అని, జవాబు కోసం చూడకుండా బయటికి నడిచింది. నేను వెంట వెళ్ళాను. చివరి ఇంటి ముందు మంచం మీద ఆ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు బరిగెలు చీరుతున్నారు. "మామా, గీ సారు మీతోని ఏదో జెప్పాల్నట" అంది ఆమె.

నేను గొంతు సవరించుకున్నాను. "అప్పట్లో పై అధికారుల ఒత్తిడి ఉండటం వల్ల, స్థలం కేటాయింపు విషయంలో కొంత..."

"గట్ల గాదు సార్" అంది ఆమె. "మాకు తెలిసేటట్టు."

బరిగెలు చీరే చేతులు ఆగాయి. నేను మంచం కోడు వైపు చూస్తూ చెప్పాను.

"జాగ కాయితం అబద్ధం. అది ఆమెకు తెల్వదు. నేను మోసం జేసిన. ఆమె ఎవ్వలతోని కలువలే, ఏం తినలే. జరాలు పందులకెళ్ళి కాదు, మోరీకెళ్ళి వచ్చినయి. మోరీ నేను తీపియ్యలే."

ముసలాయన "ఎన్నేండ్లాయె?" అన్నాడు.

"పన్నెండు."

"పన్నెండేండ్లు గీ వాకిట్లకెళ్ళి తల వంచుకొని పోయింది ఆమె. నేను ఒక్కపారి సుత మాట్లాడియ్యలే." ఆయన కర్ర కోసం చేయి చాపాడు. ఆడవాళ్ళలో ఒకరు అందించారు. లేచి నిలబడ్డాడు. "ఆగు. లోపట మా అన్న ఉన్నడు. ఆమెను ఎక్కువ తిట్టింది ఆయనే. చెవులు సరిగ్గ ఇనవడయి. తోల్కస్త. ఇంకోసారి జెప్పు."

ఆ అన్నను చేయి పట్టుకుని తీసుకొచ్చేసరికి మిగిలిన ఇళ్ళ తలుపుల్లోనూ మనుషులు నిలబడ్డారు. ఆయన చెవికి అరచేయి ఆనించి నా ముఖంలోకి వంగాడు.

ఇంకోసారి చెప్పాను. ఈసారి గొంతెత్తి.